డిజాస్టర్: మాట పుట్టుక, అర్థం, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మన తీరం వైపు ఈ మాట రోజూ వినిపిస్తుంది. శుక్రవారం కొత్త సినిమా విడుదలైతే అదే మాట ఇంకో అర్థంలో వినిపిస్తుంది. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదించడం నా పని. ఈ ఒక్క మాట గురించి విద్యార్థులు, కొత్తగా అనువాదంలోకి వచ్చిన పిల్లలు అడిగినన్ని ప్రశ్నలు ఇంకే మాట గురించీ అడగలేదు. వాటికి ఇన్నేళ్లుగా చెప్తూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

డిజాస్టర్‌ను తెలుగులో ఏమనాలి?

విపత్తు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో, పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట ఇదే. డిజాస్టర్ మేనేజ్‌మెంట్‌ను విపత్తు నిర్వహణ అంటున్నాం.

ఈ విపత్తు అనే మాట పుట్టుక కూడా తెలుసుకోదగ్గది. సంస్కృతంలో ‘పద్’ ధాతువుకు వెళ్లడం, పడటం అని అర్థాలు. దాని ముందు ‘సం’ చేరితే సంపద, ‘ఆ’ చేరితే ఆపద, ‘వి’ చేరితే విపత్తు. అన్నీ కలిసొస్తే సంపద, అన్నీ చెదిరి దారి తప్పితే విపత్తు. ఒకే ఇంటి పిల్లలన్నమాట.

ఇంగ్లిష్ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఇటాలియన్‌లో ‘డిజాస్ట్రో’ అనే మాట ఉంది. అది ఫ్రెంచ్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ‘ఆస్ట్రో’ అంటే నక్షత్రం. అది లాటిన్ ‘ఆస్ట్రమ్’ నుంచి, అంతకుముందు గ్రీకు ‘ఆస్ట్రాన్’ నుంచి వచ్చింది. ముందున్న ‘డిస్’కు ఇక్కడ చెడు అని అర్థం. రెండూ కలిపితే చెడ్డ నక్షత్రం.

అప్పటి యూరప్‌లో మనిషి జాతకం, దేశం జాతకం ఆకాశం చూసి చెప్పేవారు. గ్రహాలు ఎదురు తిరిగితే కరువు, యుద్ధం, తెగులు వస్తాయని నమ్మేవారు. ఆ నమ్మకంలోంచి పుట్టిన మాట కనుక, మొదట్లో డిజాస్టర్ అంటే గ్రహాల చెడు చూపు అనే అర్థం కూడా ఉండేది. హామ్లెట్ నాటకం మొదటి అంకంలో షేక్‌స్పియర్ ‘సూర్యుడిలో డిజాస్టర్లు’ అన్నది ఆ అర్థంలోనే. కాలం గడిచేకొద్దీ నక్షత్రం మరుగున పడి, నష్టం ఒక్కటే మిగిలింది.

‘నక్షత్రం లేకపోవడం’ అని అర్థమట కదా? దిక్కు తోచని నావికుల మాట అని చదివాం.

ఆ కథ వినడానికి బాగుంటుంది. నడిసముద్రంలో మబ్బు కమ్మి ధ్రువనక్షత్రం కనపడకపోతే ఓడ దారి తప్పుతుంది, అదే డిజాస్టర్ అని. కానీ పదచరిత్ర అలా లేదు. ఇటాలియన్ మాటలోని ‘డిస్’ చెడును చెప్పేదే. సముద్రం నుంచి కాదు, ఈ మాట జ్యోతిషం నుంచి వచ్చింది.

మనకూ ఇలా గ్రహాలతో ముడిపడిన మాటలు ఉన్నాయా?

ఉన్నాయి, రోజూ వాడుతున్నాం. గ్రహపాటు అన్నా, గ్రహచారం బాగోలేదు అన్నా డిజాస్టర్ పుట్టినప్పటి అర్థమే. మన మాట, ఇంగ్లిష్ మాట ఒకదాన్ని చూసి ఒకటి చేసుకున్నవి కావు, అయినా ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. గండం కూడా జాతకంలోంచి వచ్చిన మాటే: ‘గండం గడిచి పిండం బయటపడింది’ అంటాం.

ఇంకా దగ్గరి మాట ఉత్పాతం. ఇప్పుడు పత్రికలు వరద ఉత్పాతం అని రాస్తే పెద్ద నష్టం అనే అర్థంలోనే. నిజానికి ఉత్పాతమంటే రాబోయే కీడుకు ముందు కనిపించే వింత సూచన. 6వ శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రవేత్త వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆకాశంలో గ్రహనక్షత్రాల్లో కనిపించేవి దివ్యం, గాలీ మబ్బుల్లో కనిపించేవి ఆంతరిక్షం, నేల మీద కనిపించేవి భౌమం అని మూడు రకాలు చేశాడు. అక్కడ ఆయన చెప్పిన ఇంకో మాట నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. మనుషుల తప్పు నడత వల్ల కీడు వస్తుందట, ఉత్పాతాలు దాన్ని సూచిస్తాయట. అంటే ఆకాశం కబురు మోసేదే. కారణం మాత్రం కింద ఉంది.

నాకు ఈ మాటలన్నీ పుస్తకంలో కాదు, మా దొడ్లో అర్థమయ్యాయి. మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను చిన్నవాణ్ణి. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరిచెట్లన్నీ ఎవరో పనిగట్టుకుని పడుకోబెట్టినట్టు ఒకే దిక్కుకు ఒరిగి ఉన్నాయి. నిలబడ్డ నాలుగైదు చెట్లకు మొవ్వులు మెలితిరిగిపోయాయి. పశువుల పాక మీద ఒక చెట్టు పడింది. కింద గేదె. మామ్మ అక్కడే చతికిలబడి ‘ఏం గ్రహపాటు తెచ్చావయ్యా దేవుడా’ అని ఏడ్చింది. తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘గ్రహపాటు కాదే. రేడియోలో పొద్దుటి నుంచీ చెప్తానే ఉన్నాడు. పలుపు విప్పాల్సింది నేను’ అన్నాడు.

నక్షత్రాల మీద నెపం వేయడాన్ని ఇంగ్లిష్ వాళ్లు ఎప్పుడైనా ప్రశ్నించారా?

ఆ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొద్ది దశాబ్దాల్లోనే. షేక్‌స్పియర్‌దే కింగ్ లియర్ నాటకంలో ఎడ్మండ్ అనే పాత్ర, మన నడత వల్ల వచ్చిన డిజాస్టర్లకు సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, నక్షత్రాలను దోషులను చేస్తాం, ఇది ఎంత తెలివితక్కువతనం అంటాడు. ఆ పాత్ర దుర్మార్గుడే, కానీ ఈ ఒక్క విషయంలో అతను అన్నదాంట్లో తప్పు లేదు. డిజాస్టర్ అనే మాటలో నక్షత్రం దాగి ఉందని తెలిసినవాళ్లకు ఆ వాక్యం ఇంకా పదునుగా తగులుతుంది.

తర్వాతి పెద్ద మలుపు పోర్చుగల్ రాజధాని లిస్బన్. 1755 నవంబరు 1, క్రైస్తవులకు పుణ్యాత్ములందరి పండుగ. జనం చర్చిల్లో ప్రార్థనలో ఉండగా భూకంపం వచ్చింది. ఆపైన సునామీ, వెలిగించిన కొవ్వొత్తుల నుంచి, పొయ్యిల నుంచి రేగిన మంటలు. యూరప్ అంతా ఇది దేవుడి కోపమా, ప్రకృతి క్రూరత్వమా అని తలపట్టుకుంది. మరుసటి ఏడాది తత్వవేత్త రూసో, ఫ్రెంచ్ రచయిత వోల్టేర్‌కు రాసిన ఉత్తరంలో ఆ చర్చను నేల మీదికి దించాడు. ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు అక్కడ గుమిగూడేలా కట్టింది ప్రకృతి కాదు కదా అన్నాడు. జనం విడివిడిగా, తక్కువ ఎత్తు ఇళ్లలో ఉండి ఉంటే నష్టం చాలా తక్కువగా ఉండేదన్నాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా విపత్తుల మీద పనిచేసేవాళ్లు ఆ ఉత్తరాన్ని గుర్తు చేసుకుంటారు.

చట్టం ప్రకారం విపత్తు అంటే ఏమిటి?

మన దేశంలో విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఏడాదికి. అందులోని నిర్వచనం సారాంశం ఇది: సహజ కారణాల వల్ల గానీ, మనుషుల వల్ల గానీ, ప్రమాదం వల్ల, నిర్లక్ష్యం వల్ల గానీ ఒక ప్రాంతంలో వచ్చిన ఘోరం, దానివల్ల పెద్ద ఎత్తున ప్రాణనష్టం, బాధ, ఆస్తి లేదా పర్యావరణ నష్టం జరగాలి, అది ఆ ప్రాంత ప్రజలు తట్టుకునే శక్తికి మించినదై ఉండాలి.

చివరి ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తట్టుకునే శక్తికి మించినది. గాలి ఎంత వేగంతో వీచింది, భూమి ఎంత కదిలింది అన్నదాని మీద కొలత లేదు. మనం తట్టుకోగలమా లేదా అన్నదాని మీద ఉంది. నక్షత్రంతో మొదలైన మాట చట్టంలోకి వచ్చేసరికి ఊళ్లోకి దిగింది.

ముప్పుకీ విపత్తుకీ తేడా ఏమిటి?

ఇంగ్లిష్‌లో హజార్డ్, డిజాస్టర్ అని వేరు చేస్తారు. మనకు ముప్పు అనే చక్కటి మాట ఉంది. తుఫాను ఒక ముప్పు. అది జనం మీద పడి, వాళ్లను కుప్పకూల్చితే విపత్తు. ఎవరూ లేని నడిసముద్రంలో ఎంత పెద్ద తుఫాను తిరిగినా అది విపత్తు కాదు.

ఉదాహరణ దూరం వెళ్లక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సొర్లగొంది లాంటి ఊళ్లను నీళ్లు ఊడ్చుకుపోయాయి, వేల మంది చనిపోయారు. 1999లో ఒడిశా తీరాన్ని తాకిన సూపర్ సైక్లోన్‌కు కూడా వేల మంది బలయ్యారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అదీ మహా తీవ్రమైన తుఫానే, మన శ్రీకాకుళం జిల్లానూ కుదిపింది. కానీ ముందే లక్షల మందిని షెల్టర్లకు తరలించారు. మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. ముప్పు పెద్దదే, విపత్తు మాత్రం అంత పెద్దది కాలేదు. అందుకే వార్త అనువదించేటప్పుడు ఈ రెండు మాటలనూ కలిపేయొద్దని పిల్లలకు పదే పదే చెప్తాను.

అయితే ‘ప్రకృతి వైపరీత్యం’ అనడం తప్పా?

తప్పనను. వాడుకలో పాతుకుపోయిన మాట. కానీ డ్రైనేజీ కాలువలను ఆక్రమించి ఇళ్లు కట్టిన చోట వాన నీళ్లు నిలిచినా, చెరువు కట్టకు మరమ్మతు చేయక తెగినా దాన్ని ప్రకృతి వైపరీత్యం అని రాస్తే, తప్పు చేసినవాళ్ల పేరు వార్తలోంచి మాయమవుతుంది. అలాంటి చోట నేను వరద విపత్తు అని రాసి, కారణం పక్క వాక్యంలోనే చెప్తాను. ఐక్యరాజ్యసమితిలో విపత్తుల ముప్పు తగ్గించే విభాగం కూడా ‘నేచురల్ డిజాస్టర్’ అనే మాటకు దూరంగా ఉంటోంది.

కెటాస్ట్రొఫీ, కెలామిటీ, కెటక్లిజమ్ వేరువేరా?

అర్థాలు దగ్గరే, పుట్టుకలు వేరు. కెటాస్ట్రొఫీ గ్రీకు మాట. తిరగబడటం, తలకిందులవడం అని అర్థం. నాటకంలో కథ చివరికి ముడి విప్పుకునే ఘట్టాన్ని మొదట అలా పిలిచేవారు. మన వైపరీత్యం కూడా విపరీతం నుంచి వచ్చింది, విపరీతమంటే తిరగబడినదే. కనుక పుట్టుక చూస్తే కెటాస్ట్రొఫీకి సరైన జోడీ వైపరీత్యం. వాడుకలో ఇది డిజాస్టర్ కన్నా పెద్దది, కోలుకోలేనిది.

కెలామిటీ లాటిన్ నుంచి. పాత రోమన్ పండితులు దాన్ని పైరు కాడకు సంబంధించిన మాటతో ముడిపెట్టి, పంటనష్టంగా చెప్పారు. మన ప్రభుత్వ కాగితాల్లో ఒకప్పుడు ఇదే ఎక్కువ కనిపించేది. కెలామిటీ రిలీఫ్ ఫండ్ స్థానంలో 2010లో రాష్ట్ర విపత్తు స్పందన నిధి వచ్చాక డిజాస్టర్ పైచేయి సాధించింది. కెటక్లిజమ్ అంటే గ్రీకులో జలప్రళయం. దానికి ప్రళయం అనే రాయండి.

ప్రమాదం, దుర్ఘటన, విపత్తు: ఎక్కడ ఏది?

బస్సు బోల్తా పడితే ప్రమాదం. గుళ్లో తొక్కిసలాట జరిగితే దుర్ఘటన. ఊరు ఊరంతా చితికిపోతే విపత్తు. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక విషవాయువు కమ్ముకున్నప్పుడు జరిగింది ప్రమాదం అనే మాటకు మించినది. ఇంగ్లిష్‌లో దాన్ని భోపాల్ డిజాస్టర్ అనే అంటారు.

ఇక్కడ ఒక సంగతి. ప్రమాదం అనే మాటకు సంస్కృతంలో అసలు అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. ‘ప్రమాదో ధీమతామపి’ అంటాం కదా, ఎంత బుద్ధిమంతులైనా పొరపడతారు అని, అక్కడ మిగిలింది ఆ అర్థమే. ఇప్పుడు ‘అనుకోకుండా జరిగింది, ప్రమాదం’ అని ఎవరైనా చేతులు దులుపుకుంటుంటే, ఆ మాటలోనే అజాగ్రత్త అనే నేరారోపణ ఉందని నాకు గుర్తొస్తూ ఉంటుంది.

‘జాతీయ విపత్తుగా ప్రకటించాలి’ అని ప్రతి తుఫానుకూ డిమాండ్ వస్తుంది. ప్రకటిస్తారా?

చట్టంలో అలా ప్రకటించే ఏర్పాటు లేదు. కేంద్రం పార్లమెంటులో ఈ మాట చాలాసార్లు చెప్పింది. ‘తీవ్ర స్వభావం గల విపత్తు’ అని గుర్తించే పద్ధతి మాత్రం ఉంది. 2018 కేరళ వరదలను, 2024 వయనాడ్ కొండచరియల విపత్తును అలాగే గుర్తించారు. సాయం మొదట రాష్ట్ర నిధి నుంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25. అది చాలకపోతే జాతీయ నిధి నుంచి అదనంగా ఇస్తారు.

ఇంకో తికమక కూడా ఉంది. ఎన్‌డీఆర్‌ఎఫ్ అనే పొట్టి పేరు రెండింటికీ ఉంది. ఒకటి జాతీయ విపత్తు స్పందన నిధి, అంటే డబ్బు. రెండోది జాతీయ విపత్తు స్పందన దళం, అంటే నారింజ రంగు యూనిఫామ్‌లో పడవలేసుకొచ్చే జవాన్లు. వాళ్ల 10వ బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. వార్తలో ఏది అన్నారో చూసుకుని రాయాలి.

సినిమా డిజాస్టర్ అంటే?

ఫ్లాప్ కన్నా కింద మెట్టు. పెట్టిన డబ్బులో కొంత పోతే ఫ్లాప్, బయ్యర్లు నిలువునా మునిగితే డిజాస్టర్. మార్నింగ్ షో అవ్వగానే ‘డిజాస్టర్ టాక్’ అనేస్తారు. పై మెట్టు బ్లాక్‌బస్టర్ పుట్టుక కూడా చిత్రమైనదే. రెండో ప్రపంచ యుద్ధంలో వీధులకు వీధులను నేలమట్టం చేసే భారీ బాంబులకు పెట్టిన పేరు అది.

ఇంగ్లిష్‌లోనూ డిజాస్టర్‌ను ఇలా తేలిగ్గా వాడతారు. పార్టీ డిజాస్టర్, ఇంటర్వ్యూ డిజాస్టర్ అంటారు. మాట్లాడేటప్పుడు పర్వాలేదు. జనం చనిపోయిన వార్త పక్కనే సినిమా డిజాస్టర్ హెడ్డింగ్ పెట్టడం మాత్రం నాకు మనసొప్పదు.

డిజాస్టర్ రికవరీ అని సాఫ్ట్‌వేర్ వాళ్లంటారు, అదేంటి?

ఒక ఊళ్లోని సర్వర్లు మునిగినా, కాలినా పని ఆగకుండా ఇంకో ఊళ్లో నకలు ఉంచుకుని, అక్కడి నుంచి నడిపించే ఏర్పాటు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు డ్రిల్ చేసి చూసుకుంటారు. తెలుగులో దీన్ని అనువదించకుండా అలాగే రాయడం మేలు.

రాసేటప్పుడు, పలికేటప్పుడు జరిగే పొరపాట్లు?

నడిమి అక్షరం ‘సా’ కాదు, ‘జా’. ఊనిక కూడా దాని మీదే. విశేషణం డిజాస్ట్రస్, అంటే స్పెల్లింగ్‌లో ‘ఆర్’ ముందున్న ‘ఈ’ పోతుంది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా దాన్ని ఉంచేస్తారు.

అనువాదంలో ఎక్కువగా చిక్కు తెచ్చేది ‘డిజాస్టర్ స్ట్రక్’. ‘విపత్తు కొట్టింది’ అని రాస్తే తెలుగు కాదు. విపత్తు విరుచుకుపడింది, ముంచుకొచ్చింది, వచ్చి మీద పడింది అనొచ్చు. ‘రెసిపీ ఫర్ డిజాస్టర్’ అన్నచోట వంట ఊసు ఎత్తక్కర్లేదు, ‘చేజేతులా కొంప ముంచుకోవడమే’ అంటే సరిపోతుంది.

ఇదే నక్షత్రం ఇంకే మాటల్లో ఉంది?

ఆస్ట్రానమీ, ఆస్ట్రోనాట్, నక్షత్రం గుర్తు (*) ఆస్టరిస్క్, చామంతి జాతికి చెందిన ఆస్టర్ పువ్వు. 1802లో విలియం హెర్షెల్ పెట్టిన పేరు ఆస్టరాయిడ్, అంటే నక్షత్రంలా కనిపించేది. ఇంగ్లిష్ స్టార్, వేదకాలపు సంస్కృతంలోని ‘స్తృ’, మన తార, అన్నీ ఒకే వేరు నుంచి మొలిచాయి. ఫ్లూ జ్వరానికి పూర్తి పేరైన ఇన్‌ఫ్లుయెంజా కూడా ఇటాలియన్లు గ్రహాల ప్రభావమని పెట్టిన పేరే.

సైక్లోన్ అనే మాటకు మన కోరంగితో సంబంధం ఉందంటారు, నిజమేనా?

ఉంది. ఆ మాటను పుట్టించినవాడు హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతం తుఫాన్ల మీద ఓడల లాగ్‌పుస్తకాలు తిరగేసి ఏళ్ల తరబడి పనిచేశాడు. పాము చుట్టలా గాలి సుడి తిరుగుతుందని, గ్రీకు మాట నుంచి సైక్లోన్ అనే పేరు తెచ్చాడు. 1848లో అచ్చయిన నావికుల పుస్తకంతో అది లోకానికి అలవాటైంది. ఆయన వర్ణించిన తుఫాన్లలో కాకినాడ దగ్గరి కోరంగిని 1789 డిసెంబరులో ముంచినది ఒకటి. మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి రేవును ఊడ్చేశాయి. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. ఓడల తయారీకి పేరుపడ్డ ఊరది. అక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లిన మనవాళ్లను బర్మాలో కొరంగీలు అని పిలిచేవారు. ఇప్పుడు అక్కడ రేవు లేదు, ఓడలు లేవు. కాలువల వెంట మడ చెట్లు దట్టంగా పెరిగి ఉన్నాయి, అభయారణ్యం చేసి కాపాడుతున్నారు. తుఫాను వస్తే కెరటం ముందు వాటికే తగులుతుంది.